జిగురులో తీపి

ముందు ఎర్ర దీపంలోంచి వచ్చాయి, ఆ తర్వాత పసుపు దానిలోంచి.

చిన్నకోడలు స్విచ్ మీద నుంచి ఇంకా చెయ్యి తీయనేలేదు. వెనకగదిలో తీగకి వేలాడుతున్న కాగితం దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. వెలిగిన మరుక్షణం ఎర్రటి గోళం లోపల నల్లటి చుక్కలు కనిపించాయి. సిరా మరకలేమో అనుకుంది. కానీ మరకలు నడవవు. ఇవి నడుస్తున్నాయి. బారులు తీరి, ఎదురుపడ్డ చోట ఆగి మూతీ మూతీ రాసుకుని, మళ్లీ ఎవరి దారిన అవి సాగిపోతున్నాయి.

చీమలు.

కుర్చీ లాగి, ఎక్కి చూసింది. దీపం అంచు పిండిలా రాలి చేతిలోకి వచ్చింది. నీలం దీపానికి పక్కన చిల్లు. ఆకుపచ్చ దాని అడుగున పెద్ద గుంపు, విందుకి వచ్చినవాళ్లలా తీరిగ్గా కూర్చుని ఉంది.

"అక్కా," అని పిలిచింది.

"ఉండవే, పాలు మళ్లీ విరిగాయి," వంటింట్లోంచి తోడికోడలు జవాబిచ్చింది. "ఈ పాలవాడు రానీ, వాడి సంగతి చెప్తాను."

దీపాల షాపావిడ మధ్యాహ్నం లోపు వస్తానని చెప్పింది. ఆవిడ చూసి బాగున్నాయంటే ఈ దీపాలు షాపు అద్దాల వెనక వెలుగుతాయి. అంతకంటే పెద్ద సంగతి, ఈ వెనకగది చిన్నకోడలి సొంతమవుతుంది. తోడికోడలు కూడా కుట్టుమిషన్ పెట్టుకోవడానికి ఇదే గది అడుగుతోంది. ఇద్దరి మధ్యా నలిగిపోయిన మామయ్య చివరికి తీర్పు చెప్పేశాడు. షాపావిడ దీపాలు తీసుకుంటే గది చిన్నదానిది, తీసుకోకపోతే పెద్దదానిది. ఈ విషయంలో మళ్లీ తన బుర్ర తినొద్దని కూడా చెప్పాడు.

ఇన్నాళ్లూ భోజనాల బల్ల మీద పని చేసి, ఎవరో ఒకరు కంచం పట్టుకుని వచ్చేసరికి తడి కాగితాలన్నీ ఎత్తుకుని పారిపోయిన మనిషి ఆమె. తలుపు వేసుకుని పని చేసుకునే గది అంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పొడి గుడ్డతో చీమల్ని దులపబోయింది. గుడ్డ దీపానికి అతుక్కుపోయింది. వేలు పెట్టి చూస్తే వేలూ అతుక్కుంది. ఎప్పుడో ఆరిపోవాల్సిన కాగితం ఇంకా జిగటగా ఉంది. ఎందుకో తెలియదు, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది.

తియ్యగా ఉంది.

ఆమె దీపం చేసే పద్ధతిలో తీపికి చోటు లేదు. బెలూన్ ఊదడం, పలచటి కాగితం ముక్కలు పొరలు పొరలుగా అంటించడం, ఆరాక బెలూన్ పగలగొట్టి కాగితం గుల్లని మిగుల్చుకోవడం. అంటించే జిగురు ఇంట్లో చేసిందే. మైదా నీళ్లలో కలిపి, పొయ్యి మీద తిప్పి, పురుగు పట్టకుండా కాస్త పటిక పొడి వేస్తుంది. మామయ్య గడ్డం గీసుకున్నాక రాసుకునే పటికలోంచే ఓ ముక్క తెచ్చి దంచుతుంది. మైదా, నీళ్లు, పటిక. ఇందులో ఏదీ తియ్యగా ఉండదు.

అంటే, ఎవరో చక్కెర కలిపారు.

ఆ మాట మనసులో పడ్డాక ఇక వేరే మాటకి చోటు లేకపోయింది. ఆమె దీపాలన్నిటినీ ఒక్కొక్కటిగా నాకి చూసింది. ఎర్రది తీపి. పసుపు తీపి. నీలం తీపి. తీగ చివర వేలాడుతున్న తెల్లది మాత్రం చప్పగా, నాలుక ముడుచుకునేలా ఉంది. దాని మీద ఒక్క చీమ లేదు. అదే తీగ, అదే కాగితం, అదే చెయ్యి. వంటింటి సీసాలకు పేర్లు అంటించే పని పెట్టుకోకముందు, అన్నిటికంటే ముందు చేసిన దీపం అది.

చీమలకు పక్షపాతం ఉండదు కదా అనుకుంది.

వంటింట్లోకి వెళ్లింది. తోడికోడలు విరిగిన పాలని పారబోయాలా వద్దా అన్నట్టు గిన్నె వైపు చూస్తోంది.

"ఏమైందే, మొహం అలా పాలిపోయింది?"

"చక్కెర ఎక్కడుంది?"

"నీ ఎదురుగానే. నువ్వే కదా పేర్లు పెట్టింది."

షెల్ఫులో పాత జామ్ సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. అత్తయ్యకి చూపు ఆనడం లేదని చిన్నకోడలు వాటికి కొత్త కాగితపు పట్టీలు అంటించింది. ముద్దు ముద్దు అక్షరాలు, చుట్టూ పువ్వుల అంచు. అక్షరాలు మరీ పెద్దవైపోయి పేరు సీసా వెనక్కి తిరిగిపోయింది. ముందు నుంచి చూస్తే ఒకదాని మీద 'జీల', ఇంకోదాని మీద 'మిరి', దాని పక్కన 'దాల్చి'. అలవాటైపోయి ఇప్పుడు ఇంట్లో అందరూ అలాగే పిలుస్తున్నారు. మొన్న బావగారు కూడా కూరలో 'మిరి' తక్కువైందన్నాడు.

చక్కెర సీసా మూత బిగించి ఉంది. మెడ దాకా నిండుగా, నింపిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇందులోంచి ఎవరూ తీయలేదా?"

"ఎవరు తీస్తారు? మీ బావగారు మానేశారు, మామయ్యని డాక్టర్ మాన్పించాడు. అత్తయ్య దగ్గుకి పాలల్లో పటికబెల్లం వేస్తుంటే ఆ పాలేమో రోజూ విరుగుతున్నాయి. ఇంతకీ ఏంటి సంగతి?"

చిన్నకోడలు వరండాలోకి నడిచింది. చక్కెర తగ్గలేదు, జిగురు తియ్యగా ఉంది. మరి తీపి ఎక్కడి నుంచి ఊడిపడింది?

వరండాలో మామయ్య అద్దం గూటిలో పెట్టుకుని, గడ్డం పని ముగించి, తువ్వాలు విసురుకుంటున్నాడు.

"రా అమ్మా, ఈ ఈగల్ని కాస్త తోలు. ఈ మధ్య వీటికి నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. గడ్డం చేసుకుంటే చాలు, పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చి వాలుతున్నాయి."

"మామయ్యా, వెనకగదిలోకి ఎవరైనా వెళ్లారా?"

"నేను వెళ్లను. ఏది ముట్టుకుంటే ఏది ఊడుతుందో అని భయం. ఈ దగ్గు పట్టుకున్నాక మీ అత్తయ్య మంచం దిగడం లేదు. ఇక మిగిలింది..." అని ఆయన వంటింటి వైపు చూసి, చూడనట్టు అద్దం తుడుచుకున్నాడు.

ఆ చూపు చాలు. మిగిలింది ఒక్కరే. ఆ గది కావలసినదీ ఆ ఒక్కరికే.

ఆమె తిరిగి వచ్చేసరికి తోడికోడలు వెనకగది గుమ్మంలో నిలబడి దీపాల వైపు నోరు తెరుచుకుని చూస్తోంది.

"అయ్యో, ఇవన్నీ ఎప్పుడు పట్టాయే?"

"నువ్వే చెప్పాలక్కా."

"నేనేం చెప్తాను?"

"జిగురులో చక్కెర కలిపింది ఎవరో."

తోడికోడలికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె కోప్పడలేదు. చేతిలో గుడ్డని మడిచి, మళ్లీ మడిచి, ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నది చేసింది.

"బెలూన్లు ఊదలేక నీకు దవడలు నొప్పెడితే ఎవరు ఊదారు?"

చిన్నకోడలి కళ్లు ఆకుపచ్చ దీపం వైపు తిరిగాయి.

"ఆ ఆకుపచ్చది నేను ఊదిందే. గుర్తుందా? నవ్వొచ్చి గాలంతా వదిలేస్తే మళ్లీ ఊదాను. నాకు గది కావాలి, అబద్ధమెందుకు. మొహం మీదే అడిగాను. అడగడం చేతకాకపోతే కదా చాటుగా చక్కెర కలపడం."

"మరి ఎవరక్కా? చక్కెర తగ్గలేదు. ఎవరూ లోపలికి రాలేదు. తెల్లదానికి పట్టలేదు, మిగతావాటికి పట్టాయి. నాకు పిచ్చెక్కేలా ఉంది."

"ఎక్కనీ. ఎక్కాక కూడా నా పేరే చెప్తావు."

అప్పుడే గేటు చప్పుడైంది.

షాపావిడ లావుపాటి మనిషి, చేతిలో గుడ్డ సంచీ, గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. రోజంతా రోడ్డు చప్పుడు మీద అరిచి అరిచి అలా అయిందని, మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నానని చెప్పుకుంటూనే తిన్నగా వెనకగదిలోకి వచ్చేసింది. చిన్నకోడలు అడ్డం నిలబడడానికి కూడా వీలు చిక్కలేదు.

ఆవిడ తీగ కింద నడిచింది. ఒక చీమ భుజం మీద పడితే చిటికెతో విసిరేసింది. తెల్ల దీపం దగ్గర ఆగింది. మెల్లగా తిప్పి చూసింది, గోటితో మీటి చప్పుడు విన్నది.

"ఇది బంగారంలా ఉంది. మరి వాటికేమైంది?"

"తెలియదండీ."

"తెలియదంటే ఎలాగమ్మా? నా షాపులో గుడ్డ దీపాలున్నాయి, వెదురువి ఉన్నాయి. నీ దీపంతో పాటు చీమలు దిగితే నా కొంప కొల్లేరే. ఎందుకు పట్టాయో చెప్పు, మళ్లీ పట్టవని నాకు నమ్మకం కుదిరితే ఇలాంటి తెల్లవి ఎన్ని చేసినా తీసుకుంటాను. చెప్పలేకపోతే మాత్రం నన్ను బలవంతపెట్టొద్దు."

చిన్నకోడలి దగ్గరున్న కారణం ఒక్కటే, అదిప్పుడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ పేరు చెప్తే గది దక్కుతుందేమో. కానీ బెలూన్ ఊదుతూ పగలబడి నవ్విన మొహమే కళ్లముందు కదులుతోంది.

"ముందు కూర్చోండి," అంది తోడికోడలు, చిన్నకోడలి మొహం చూడకుండానే. "మీ గొంతుకి వేడినీళ్లలో పటికబెల్లం కలిపి తెస్తాను. మీరు మాట్లాడుతుంటేనే మాకు నొప్పి పుడుతోంది."

గ్లాసు వచ్చింది. షాపావిడ ఒక్క గుక్క తాగింది. ఆవిడ మొహం మొత్తం మూతి దగ్గరికి లాక్కుపోయింది. కళ్లు చిన్నవైపోయాయి, బుగ్గలు లోపలికి వెళ్లాయి. గ్లాసు దూరంగా పెట్టి చాలాసేపు నాలుకని వెతుక్కుంది.

"ఇదేం పటికబెల్లమమ్మా," అంది చివరికి. "మంగలి షాపు అద్దం నాకినట్టుంది. ఇది పటిక."

తోడికోడలు ఆ గ్లాసులోంచి చుక్క వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుంది. ఆమె మొహం కూడా షాపావిడ మొహంలాగే అయింది.

"పాలు అందుకే విరుగుతున్నాయి," అంది నెమ్మదిగా. "పాపం పాలవాడిని నానా మాటలూ అన్నాను."

చప్పగా, నాలుక ముడుచుకునే తెల్ల దీపం. తియ్యటి ఎర్ర దీపం. మామయ్య బుగ్గల మీద ఈగలు. చిన్నకోడలు బాత్రూంలోకి పరిగెత్తి, అలమారలోంచి సీసా తీసుకుని వచ్చింది. తోడికోడలు అప్పటికే వంటింటి సీసా పట్టుకుని నిలబడి ఉంది. రెండూ జామ్ సీసాలే. రెండిట్లోనూ తెల్లటి గాజు ముక్కల్లాంటి గడ్డలు. రెండిటి మీదా చిన్నకోడలి ముద్దు అక్షరాలు, చుట్టూ పువ్వులు.

సందడికి మామయ్య కూడా తువ్వాలు విసురుకుంటూ వచ్చాడు.

"మామయ్యా, మీ పటిక ఈ మధ్య మంట పెడుతోందా?" అని అడిగింది చిన్నకోడలు.

"లేదమ్మా. అదే మీ అత్తయ్యతో అన్నాను, ఈసారిది మంచి రకం, వెన్న రాసినట్టుందని. కాస్త బంకగా ఉంటుంది, అంతే."

"పట్టీలు ఆరాక సీసాలు సర్దింది ఎవరు?"

"నేనే. రెండిటి మీదా పటిక అనే ఉంది. ఇంట్లో ఒకటి వంటింటిది, ఒకటి బాత్రూందని తెలుసు. ఒకటి అక్కడ పెట్టాను, ఒకటి ఇక్కడ పెట్టాను. తప్పా?"

తోడికోడలు తన చేతిలోని సీసా మెల్లగా తిప్పింది. 'పటిక' అన్న మాట పక్కకి జరిగింది, పువ్వు వచ్చింది, ఆ తర్వాత ఉత్త గాజు. వెనక ఏమీ లేదు.

"వంటింట్లో ఉంది కదా, వెనక బెల్లం ఉంటుందిలే అనుకున్నాను," అంది. "'జీల' వెనక కర్ర లేదా మరి."

అందరూ చిన్నకోడలి చేతిలోని సీసా వైపు చూశారు. ఆమె తిప్పింది. మిగతా పేరు నిక్షేపంలా వెనకే ఉంది, పువ్వుల అంచుతో సహా.

షాపావిడ తెల్ల దీపాన్ని తీగ నుంచి విప్పి, జాగ్రత్తగా సంచీలో పెట్టుకుంది. "అసలు పటికతోనే చెయ్యి," అంది. "తడవకోసారి నాకి చూడు."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే గది సంగతి తేలిపోయినట్టే." తర్వాత బుగ్గ తడుముకుని, వేళ్లు అతుక్కుంటే విచిత్రంగా చూసుకున్నాడు.

"తేలిందిలెండి," అంది తోడికోడలు. "ఆ గది తలుపుకి కూడా ఓ పట్టీ రాసుకోమనండి. పొట్టిగా." నవ్వలేదు. చేతులు ఇంకా కట్టుకునే ఉంది. "కానీ ఒకటి తేలలేదు. ఇందాక జిగురులో తీపి కలిపింది ఎవరో చెప్పమంది నన్ను. ఇప్పుడు నేను అడుగుతున్నాను. అందరూ ఉన్నారు, గట్టిగా చదవమనండి."

చిన్నకోడలు సీసాని రెండు చేతుల్లో పట్టుకుంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టి, కాగితం వెంట గాజు చుట్టూ తిప్పుకుంటూ, వెనక చివరి పువ్వు దాకా తీసుకువెళ్లింది.

"పటికబెల్లం," అని చదివింది. "రాసింది నేనే, అక్కా."