ఒక్కసారే పాడాల్సిన పద్యం

మా వైపు థియేటర్ అనే మాటకి చాలాకాలం ఒకటే అర్థం. రామచంద్రపురంలో బెంచీకి ఒక రేటు, కుర్చీకి ఒక రేటు పెట్టి సినిమా చూపించే చోటు. కాకినాడ ఆసుపత్రుల్లో కూడా థియేటర్ ఉంటుందనీ, అందులోకి మనిషిని పడుకోబెట్టి తోసుకెళతారనీ తర్వాత తెలిసింది. నాటకాన్ని కూడా థియేటరే అనాలని, రాజమండ్రి పోటీలకి జడ్జీగా వచ్చిన ఒక ప్రొఫెసరుగారు మైకులో చెప్పారు. అప్పటికి పాతికేళ్ళుగా నేను నాటకాలకి హార్మోనియం వాయిస్తున్నాను. నాతో ఒక్క మాటైనా అనకుండా పేరు మార్చేశారని ఒళ్ళు మండింది. ఆ ఏడు మా నాటకానికి కన్సొలేషన్ బహుమతి కూడా రాలేదు, అది వేరే సంగతి.

నా పేరు చంద్రరావు. హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ఊళ్ళో హార్మోనియం నా ఒక్కడి దగ్గరే ఉండేది కాబట్టి శ్రీరామనవమికి గుడివాళ్ళూ, క్రిస్మస్‌కి చర్చివాళ్ళూ నన్నే పిలిచేవారు. డిసెంబరు ఇరవైనాలుగు సాయంత్రం బాప్టిస్టు చర్చి ముందు పందిరి వేసి నాటకం ఆడేవారు. దాన్ని నేర్పే బాధ్యత కూడా నా మీదే పడింది. నాకు పౌరాణిక నాటకం తప్ప మరో నాటకం రాదు. అందుచేత మా క్రిస్మస్ నాటకంలో తూర్పు దేశపు జ్ఞానులు కాంభోజి రాగంలో దారి అడుగుతారు.

డ్రెస్సులు రాజమండ్రిలో అద్దెకు తెచ్చేవాళ్ళం. ఆ షాపులో రాజంటే కిరీటం, భుజకీర్తులు, మెలితిరిగిన మీసం, గద. యేసు పుట్టిన దేశంలో రాజులు గదలు పట్టేవారా అని కొత్తగా వచ్చిన పాస్టరుగారు అడిగారు. షాపువాడు సెట్టు విడదీసి ఇవ్వడండి అని సంఘపెద్దలు చెప్పారు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ రాజు వేషం ఐజాక్‌ది. ఇరవయ్యారేళ్ళు అతనే వేశాడు. పగలు ట్రాక్టరు తోలేవాడు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ట్రాక్టరు చప్పుడు మీద కూడా వినపడేది. యేసు పుట్టాడని విని, రెండేళ్ళలోపు మగపిల్లలందర్నీ చంపమని రాజు ఆజ్ఞ ఇచ్చేచోట ఒక పద్యం ఉంది. గొప్పకోసం చెప్పటం లేదు గానీ, అది రాసింది నేనే. ఐజాక్ గద భుజాన వేసుకుని, ఆఖరి మాట అందుకుని, ఊపిరి ఉన్నంతసేపూ లాగేవాడు. ఆపగానే జనం "వన్స్ మోర్" అనేవారు.

మా దగ్గర వన్స్ మోర్ అంటే మెచ్చుకోలు ఒక్కటే కాదు, ఆజ్ఞ కూడా. జనం అడిగాక మళ్ళీ పాడకుండా దిగిపోయిన నటుడికి మర్నాడు ఊళ్ళో ఎవరూ టీ ఇప్పించరు. చంటిపిల్లల్ని భుజాన వేసుకున్న తండ్రులే, పిల్లల్ని చంపమన్న ఆజ్ఞ ఇంకోసారి వినాలని గొంతు చించుకునేవారు. ఆడవాళ్ళు అరవరు, అది పద్ధతి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అన్నిటికంటే ముందు లేచే గొంతు పోతురాజుది. కొబ్బరికాయలు దింపే మనిషి. చెట్టు మీంచి కింద వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ అతనికి మెల్లిగా మాట్లాడటం చేతకాదు. చర్చి గుమ్మం ఎప్పుడూ తొక్కడు గానీ నాటకం రోజు పందిరి చివరి రాట పక్కన అతని చోటు అతనిదే. ఒక ఏడు అయిదుసార్లు వన్స్ మోర్ అనిపించాడు. మంగళం పాడేసరికి కోళ్ళు కూశాయి.

తొంభైయేడు దసరా నుంచి ఐజాక్ గొంతు బొంగురుపోయింది. ట్రాక్టరు దుమ్మని కొన్నాళ్ళు, చుట్టలని కొన్నాళ్ళు అనుకున్నారు. డిసెంబరు వచ్చినా తగ్గకపోయేసరికి అతని భార్య దేవకుమారి కాకినాడ తీసుకెళ్ళింది. డాక్టర్ల ఇంగ్లీషు తెలుస్తుందని నన్నూ రమ్మంది. ఆ డాక్టరుగారు మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే మాట్లాడారు. గొంతులో స్వరం పలికే చోట చిన్న కాయ ఉందనీ, తీసి ముక్క పరీక్షకి పంపాలనీ చెప్పారు. థియేటర్ ఇరవైరెండున ఖాళీగా ఉంది, అది దాటితే మళ్ళీ ఇరవైయెనిమిదే అన్నారు.

ఐజాక్ వెంటనే ఇరవైయెనిమిది అన్నాడు. ఎందుకని ఆయన అడిగితే నాటకం సంగతి నేను చెప్పాను. ఎన్ని పద్యాలని అడిగారు. ఒక్కటే అన్నాను.

"ఒక్కసారి పాడితే పాడమనండి," అన్నారు డాక్టరుగారు. "రెండోసారి పాడితే అక్కడ రక్తం వస్తుంది. ఆ తర్వాత నేను కాయ తీసినా గొంతు మిగలదు."

ఆయనదీ ఈ కాలవల ప్రాంతమే అనుకుంటాను. మందులచీటీ రాస్తూ, వన్స్ మోర్‌లు ఉంటాయా అని అడిగారు. మేం ముగ్గురం గోడ మీది క్యాలెండరు చూశాం.

తిరుగు బస్సులో దేవకుమారి భర్తకి నచ్చజెప్పింది. ఒంట్లో బాగాలేదని జనానికి దణ్ణం పెట్టి దిగిపొమ్మంది. అతను ద్రాక్షారామం దాటేదాకా బస్సు టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాడు. తర్వాత ఆమెతో కాకుండా నాతో అన్నాడు.

"జనం అడిగాక పాడకుండా దిగటం నావల్ల కాదు మాస్టారు. వాళ్ళు అడక్కపోతే అది వేరే సంగతండి."

దేవకుమారి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ ఆఖరి ముక్క ఆమె చెవిలో పడిందని నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాటి నుంచి ఆమె ఇంటింటికీ తిరిగింది. మొదట పేటలో, తర్వాత నాటకం చూడటానికి వచ్చే రైతుల వీధిలో. ఐజాక్ ట్రాక్టరు ఎక్కి వెళ్ళగానే బయల్దేరేది. గుమ్మం ముందు నిలబడి విషయం చెప్పి, ఈ ఒక్క ఏడాదికీ వన్స్ మోర్ అనకండి, మా ఆయనకి మాత్రం తెలియనివ్వకండి అని అడిగేది. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కొందరు, ఒక్కసారి కూడా అనకూడదా అని బేరమాడారు. పోతురాజు మాత్రం మాట ఇవ్వలేదు. తన నోరు తన మాట వినదనీ, అసలు రావటం మానేస్తాననీ అన్నాడు. నువ్వు రాకపోతే మా ఆయనకి అనుమానం వస్తుంది, వచ్చి నోరు మూసుకో అని దేవకుమారి చెప్పింది.

చివర నా దగ్గరికి వచ్చింది. పద్యం అవగానే సందివ్వకుండా తర్వాతి వరస ఎత్తుకోమంది. సరే అన్నాను. నా మొట్టమొదటి ఆలోచన ఐజాక్ గురించి కాదు. నా పద్యానికి వన్స్ మోర్ లేకుండా పోతుందే అని. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఇరవైనాలుగున పందిరి నిండింది. ఐజాక్ కాకినాడ నుంచి వచ్చాక పది రోజులూ సైగలతో నెట్టుకొచ్చి, ఉన్న గొంతంతా ఆ పద్యానికి దాచుకున్నాడు. పాడాడు. ఇరవయ్యారేళ్ళలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. అంచులు చిట్లిన ఆ గొంతులో రాజు మొదటిసారి భయపడుతున్న మనిషిలా వినిపించాడు. ఆఖరి మాట లాగి, ఆపి, గద భుజాన వేసుకుని నిలబడ్డాడు.

ఎవరూ మాట్లాడలేదు.

నేను తర్వాతి వరస ఎత్తుకోవాలి. వేళ్ళు కదల్లేదు. హార్మోనియం తిత్తి ఆడిస్తూ ఉత్త శ్రుతి పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో ఒక చంటిబిడ్డ ఏడిస్తే తల్లి దాని నోరు మూసింది. ఐజాక్ పందిరి చివరి రాట వైపు చూశాడు. అక్కడ పోతురాజు తువ్వాలంతా నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ ముఖం మీద ఫోకస్ లైట్లు పడుతుంటే స్టేజీ మీది వాడికి రాట కూడా కనిపించదు. ఐజాక్ ఇంకాసేపు చూసి గద దించాడు. అప్పుడు వాయించాను.

తెర వెనక అతను మీసం ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"గొంతు పోయిందన్నమాట మాస్టారు," అన్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. వేన్నీళ్ళ గ్లాసుతో అతని వెనక నిలబడ్డ దేవకుమారి తల అడ్డంగా ఊపింది. నిజం తెలిస్తే ఆ నిమిషమే గద పట్టుకుని మళ్ళీ స్టేజీ ఎక్కుతాడు. నాకూ తెలుసు. హార్మోనియం మూత వేసుకున్నాను. ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు.

ఇరవైయెనిమిదిన అతను థియేటర్‌లోకి వెళ్ళటానికి ఏమాత్రం భయపడలేదు. కాగితం మీద సంతకం పెట్టమంటే చదవకుండానే పెట్టాడు. అందులో ఇంక పోయేదేముందండి అని నర్సుతో అన్నాడట. తలుపు పైన ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ దేవకుమారి కింద కూర్చుని ప్రార్థన చేసుకుంది. నేను క్రైస్తవుణ్ణి కాను. పక్కన కూర్చుని నేనూ చేశాను.

పరీక్ష రిపోర్టులో చెడ్డదేమీ లేదని వచ్చింది. మూడు వారాలు నోరు విప్పొద్దన్నారు, ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెం మాట్లాడించమన్నారు. ఊరికే వదిలేస్తే ఆ గొంతు అలాగే బిగుసుకుపోతుందని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. మా బడి నుంచి నేనొక పలక తెచ్చిచ్చాను. ఐజాక్ దాని మీద రాసి చూపించేవాడు. మూడు వారాలు అయ్యాయి. నాలుగూ అయ్యాయి. అతను పలక దించలేదు.

దేవకుమారి ఇంక ఉండబట్టలేకపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఇంటింటికీ తిరిగాననీ, ఊరంతా కూడబలుక్కుని ఊరుకుందనీ చెప్పింది. అతను శ్రద్ధగా విని పలక మీద రాశాడు: "ఈ ఊరు ఎప్పుడైనా ఒక్క మాట మీద ఉందా?"

నన్ను సాక్ష్యానికి పిలిచింది. నిజమే ఐజాక్ అన్నాను. కానీ అతను రాసిందీ నిజమే. మంచినీళ్ళ చెరువుకి కంచె ఎవరు వెయ్యాలన్నది మా ఊళ్ళో పదకొండేళ్ళుగా తేలలేదు. అతను నా వైపు జాలిగా చూసి పలక తుడిచేశాడు. అతని మీద నాకు కోపం వచ్చింది. అంత గొంతు పెట్టుకుని, మనిషన్నవాడు బలపం ముక్కతో బతకటమేంటి అనిపించింది. వచ్చే దారిలో ఏడుపు కూడా వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో పోతురాజు కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు. అప్పటికి నాలుగు రోజులుగా ఆ చెట్టు తాలూకు కాయలు దింపుతూనే ఉన్నాడట. ఎందుకో నేను అడగలేదు. వసారాలో ఐజాక్ భోజనానికి కూర్చున్నాడు. దేవకుమారి పప్పు వడ్డించింది. అతను ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పలక కోసం చూశాడు. పలక లేదు. అటక మీద పెట్టానంది. పప్పులో ఉప్పు మరిచిపోయిందో, మానేసిందో దేవుడికి తెలియాలి.

ఐజాక్ ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

తుప్పు పట్టిన తలుపు గడియ తీసినట్టు వచ్చింది ఆ మాట.

దేవకుమారి గరిటె పట్టుకుని నిలబడే ఉంది. ఇరవయ్యారేళ్ళు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి, ఆ రోజు పెట్టుకోలేదు.

"వన్స్ మోర్," అంది.

చెట్టు మీంచి పోతురాజు అందుకున్నాడు. రెండు నెలలుగా నోట్లో కుక్కుకున్నదంతా ఒక్కసారిగా వదిలాడు. వన్స్ మోర్ అన్న ఆ కేకకి పక్కింటి కోళ్ళు ఎగిరిపోయాయి. అతని చేతిలోంచి గెల జారి కిందపడింది. పక్కింటివాళ్ళు ఏమిటో తెలియకుండానే వాళ్ళూ అన్నారు. ఆ పక్కవాళ్ళు కూడా అన్నారు.

ఐజాక్ తలెత్తి చెట్టు వైపు చూశాడు.

"ఆ రోజు నోట్లో తువ్వాలు పెట్టుకున్నానయ్యా, లేకపోతే నీ గొంతు నేనే తినేసేవాణ్ణి," అన్నాడు పోతురాజు, చెట్టు మీంచే.

ఐజాక్ కంచం ముందుకి జరిపాడు. వీపు నిటారుగా చేశాడు. ఎంగిలి చెయ్యి పక్కకి తీసి, ఎడమచెయ్యి గద ఉండే భుజం మీద వేసుకున్నాడు. అతనికి ఇంక వేరే దారి లేదు, జనం అడిగారు.

"ఉప్పు," అని మళ్ళీ అన్నాడు. ఈసారి చివర కొంచెం లాగాడు.

దేవకుమారి ఉప్పు వెయ్యలేదు. గరిటె పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది.