తెల్ల వకాల్తా

నరసరావుపేట మునసబు కోర్టులో ప్లీడరు ఈశ్వరయ్యగారికి ఇరవై రెండేళ్లుగా గుమాస్తా మస్తానయ్య. వకాల్తా అంటే ఏముంది, ఫలానా ప్లీడరును నా తరఫున పెట్టుకున్నానని కక్షిదారు రాసిచ్చే కాగితం. మాచర్ల వైపు రైతులు మాటిమాటికీ రైలెక్కి రాలేరని, ఏమీ రాయని వకాల్తాల మీద ముందే రెండు మూడు వేలిముద్రలు వేయించి బీరువాలో పెట్టుకోవడం ఆ ఆఫీసు ఆనవాయితీ. నేర్పింది ప్లీడరుగారే.

1943 వేసవిలో కక్షిదారు పెదకోటయ్య వేలిముద్ర ఉన్న అలాంటి కాగితమొకటి తీసి, అతని పేరు రాసి, ఆ రోజు తేదీ వేసి దాఖలు చేశాడు మస్తానయ్య. పెదకోటయ్య పోయి అప్పటికి నాలుగు రోజులు. కబురు అందలేదు. అవతలి పక్షం ఊరుకుంటుందా? పోయినవాడు వేలిముద్ర ఎట్లా వేశాడని జిల్లా జడ్జికి అర్జీ పెట్టింది. సన్నదు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుకోమని ప్లీడరుగారికి తాఖీదు వచ్చింది. సన్నదు పోతే ప్లీడరీ పోయినట్టే.

"రాయి మస్తానూ," అన్నాడు ఈశ్వరయ్య గోడవైపు చూస్తూ. "ఈ పని నా గుమాస్తా నాకు తెలియకుండా చేశాడు."

మస్తానయ్య రాశాడు. అదేం చిత్రమో, కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎవరి సంగతో రాస్తున్నట్టు రాసి, అద్దుడు కాగితం ఒత్తి, సంతకానికి ముందుకు జరిపాడు.

ప్లీడరుగారికి మందలింపుతో సరిపోయింది. మస్తానయ్య పేరు గుమాస్తాల రిజిస్టరులోంచి కొట్టేశారు. ఇక కోర్టు ఆవరణలో కాలు పెట్టకూడదు. అయినా మర్నాడు పదింటికి కాళ్లు వాటంతటవే గేటు దాకా వచ్చాయి. "పో అన్నా, నన్ను ఇరికించమాక," అన్నాడు బంట్రోతు ఖాజా మొహిద్దీన్. మస్తానయ్య ఎదుటి కాఫీ హోటలు అరుగు మీద కూలబడ్డాడు. నెలరోజులూ అంతే.

ఒకనాడు పెదకోటయ్య భార్య లింగమ్మ గేటులోంచి బయటికొచ్చింది. దావా ఇప్పుడు ఆమె పేర నడవాలి. ఎడమ బొటనవేలు నల్లగా ఉంది.

"ఏలిముద్ర ఏశావా అమ్మా?"

"మూడేశానయ్యా. ప్లీడరుగారే దగ్గరుండి ఏయించుకున్నారు. ఇంక ఊరికే రైలెక్కి రాబల్లేదన్నారు. చానా మంచోరు."

"కాగితాల మీద ఏమన్నా రాసుందా?"

"నాకేం సదువొచ్చా? తెల్లగా ఉండాయి."

మస్తానయ్య భుజం మీది తువ్వాలు తీసి ఆమె వేలి సిరా తుడవబోయాడు. నెలనాళ్లుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఏందయ్యా," అంది లింగమ్మ బిత్తరపోయి, "పోయింది నా మొగుడైతే నువ్వేడుస్తున్నావేంది?"