పిచ్చితల్లి అంటే

మా అబ్బాయి వేసిన విడాకుల కేసులో నేను వాడి తరఫు సాక్షిని. కోడలికి మతిస్థిమితం లేదు, హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు ఇప్పించండి అని వాడి గోల. కన్నతల్లిని కదా, తానా అంటే తందానా అంటాననుకున్నాడు.

కోడలికి జబ్బున్న మాట నిజమే. ఒకప్పుడు కంటిమీద కునుకు ఉండేది కాదు. ఎదుట లేనివాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయని వణికిపోయేది. ఆసుపత్రిలో పెట్టాం. మందులు కుదిరాక కోలుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళింది. తన పని చిన్నపిల్లలకు ఈత నేర్పడం. మతి లేనిదని తీర్పులోకి ఎక్కితే ఇక ఏ తల్లి తన బిడ్డను ఆమె చేతికిచ్చి నీళ్ళలోకి దింపుతుంది? మొగుడు వదిలేస్తే వదిలేశాడు, ఆ ఈతకొలను మాత్రం తనకు దక్కాలంది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

సాక్షి బోనెక్కాను. మావాడి వకీలు గొంతు సవరించుకుని, ఫోనులో మావాడు రికార్డు చేసిన నా మాటలు వినిపించాడు.

"మా పిచ్చితల్లి ఇవాళ కూడా తినకుండా పనికి పోయిందిరా."

గొంతు నాదే. వకీలు మీసం మెలేశాడు. "కోడల్ని పిచ్చిదని మీరే అన్నారు కదండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నిన్ను మీ అమ్మ ఎప్పుడూ ముద్దు చేయలేదా బాబూ? ముద్దొచ్చినా, జాలేసినా పిచ్చితల్లీ అంటాం. మావాణ్ణి పిచ్చి సన్నాసీ అనని రోజు లేదు. వాడి పేరు కూడా రాసుకోండి మరి!"

జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి కాగితాల్లోకి తల దించారు. మావాడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"అంటే జబ్బే లేదంటారా?" వకీలు వదలడే!

"ఉంది. ఎందుకు దాస్తాను? నాకు షుగరున్నట్టే తనకు అదుంది. ఇద్దరం పొద్దున్నే ఒకరికొకరం గుర్తుచేసుకుని మందులేసుకుంటాం. వీడు వేరే గది చూసుకుని వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ తనతో ఉంటున్నది నేనే. కలిసి ఉండలేనంత జబ్బయితే, ముసలిదాన్ని నేనెలా ఉంటున్నానండీ?"

వకీలు ఇక కూర్చున్నాడు.

తీర్పు రోజున, జబ్బు ఉన్నంత మాత్రాన చాలదు, భర్త కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని రుజువు కావాలి, అది కాలేదు అని జడ్జిగారు కేసు కొట్టేశారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

కోర్టు వరండాలో మావాడు నేలచూపులు చూస్తూ వచ్చాడు. "సరే, పద ఇంటికి," అన్నాడు పెళ్ళాంతో, పెద్ద మేలు చేస్తున్నట్టు.

"రానండీ," అంది కోడలు. "విడాకులు కావాలన్నారుగా, ఇస్తాను. ఇద్దరికీ ఇష్టమై విడిపోతున్నామని రాయించండి, సంతకం పెడతాను. నా జబ్బు మీద నెపం పెట్టి మాత్రం కాదు."

వాడు నావైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా."

"నేను చెప్పేదేముందిరా, అమ్మాయి చెప్పిందిగా."

కన్నకొడుకే. అయినా మాట మార్చలేదు.

మర్నాడు కోడలితోపాటు నేనూ కొలను దగ్గరికి వెళ్ళాను. కేసు సంగతి ఆ చుట్టుపక్కల తెలియని వాళ్ళు లేరు. వేళయినా గట్టు మీద నరపురుగు లేదు. కోడలు టోపీ పెట్టుకుని నడుములోతు నీళ్ళలో నిలబడింది. పెదాలు బిగించింది. నేను గేటువైపే చూస్తూ నిలబడ్డాను.

గేటు చప్పుడైంది. ఒక తల్లి, భుజాన తువ్వాలుతో, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది.

"నిన్న ఏమైందండీ?"

"గెలిచాను."

"అమ్మయ్య! అయితే ఇవాళ లోతువైపు నేర్పుతారా? ఇది ఇంట్లో నా ప్రాణం తోడేస్తోంది."

ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనక మరికొందరు. కోడలు ఈల వేసింది. పిల్లలంతా కేకలు పెడుతూ ఒక్కసారే దూకారు. నా చీర నిలువునా తడిసిపోయింది. అక్కడే నిలబడి, సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను.