ఆ జీపులో పట్టదన్న ఇంజను

కొండకు అవతలి పల్లెవాళ్లు ఆసుపత్రికి రావాలంటే కొండ ఎక్కి దిగాల్సిందే. ఆ దారిలో మెడవంపు అని ఒక మలుపుంది. ఎత్తంటే ఎత్తు, ఇరుకంటే ఇరుకు. పల్లెవాళ్లకు మందులూ సూదులూ మోసుకెళ్లే నర్సమ్మ జీపు సరిగ్గా అక్కడే మొరాయించేది. ఒకరోజు జీపులో పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంది. అయినా అది ఆగిపోయింది. ఆవిడ దిగి, నర్సమ్మ భుజం పట్టుకుని, మూలుగుతూ మలుపంతా నడిచి ఎక్కింది. తల్లీబిడ్డా క్షేమంగానే బయటపడ్డారు గానీ, మర్నాడు పొద్దున్నే నర్సమ్మ జీపు తీసుకుని మెకానిక్ షెడ్డుకు వచ్చేసింది.

"దీన్ని ఏదో ఒకటి చెయ్యండి. లేకపోతే ఇక్కడే వదిలేసి పోతా."

షెడ్డు యజమాని బానెట్ ఎత్తి చూశాడు. బొమ్మలాంటి చిన్న జీపు. నాలుగు చక్రాలూ లాగుతాయి గానీ లాగించే ఇంజను సామర్థ్యం లీటరు కూడా లేదు.

"దీనికి రోగమేం లేదమ్మా. దీని శక్తే ఇంత. పెద్ద బండి కొనుక్కోండి."

"పెద్ద బండి మెడవంపులో తిరగదు."

"అయితే నేనేం చెయ్యను?"

అప్పుడు పక్కనే ఉన్న లారీ కిందనుంచి ఒక గొంతు వినిపించింది. "ఇంజను మారుద్దాం. పెద్దది పెడదాం."

లారీ కిందనుంచి బయటికొచ్చింది యజమాని చెల్లెలు. ఊళ్లో అందరూ ఆమెను స్పానరమ్మ అంటారు. పెట్టినవాళ్లు వెటకారానికి పెట్టారు గానీ, పేరు ఆమెకు నచ్చి ఉంచేసుకుంది. తండ్రి బతికున్న రోజుల్లోనే పని నేర్చుకుంది. ఆయన పోయాక పంతొమ్మిదేళ్లుగా అన్నతో కలిసి ఆ షెడ్డులోనే ఒళ్లంతా గ్రీజు పూసుకుంటోంది. బోర్డు మీద మాత్రం అన్న పేరొక్కటే ఉంది.

"ఏ ఇంజను?" అన్నాడు అన్న.

"పాత ఇనుము కొట్లో వెనకభాగం నుజ్జయిన కారొకటి పడుంది కదా, అందులోది. లీటరున్నర పైచిలుకు. ముందుభాగానికి గీత కూడా పడలేదు."

అన్న ఒంటికాలి మీద లేచాడు. "నీకేమన్నా మతి పోయిందా? అది దీంట్లో పట్టదు. పట్టించినా గేరుబాక్సు పళ్లు రాలిపోతాయి. ఆయిలు తొట్టి పోయి ముందు ఇరుసు మీద కూర్చుంటుంది. మూతి బరువెక్కి నేలకు రాసుకుంటూ పోతుంది. రేపు ఏ లోయలోనో పడితే అప్పుడు నా పేరే చెప్పుకుంటారు."

"ఒక్కొక్కటే చూసుకుందాం అన్నయ్యా. ఒకేసారి అన్నీ చెప్పి భయపెట్టకు."

"చూసుకునేదేం లేదు. నా షెడ్డులో ఆ పని జరగదు."

నా షెడ్డు. ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తండ్రి చనిపోయిన ఏడాది కాలిన చేతితోనే వెల్డింగ్ చేసి ఈ షెడ్డు మూతపడకుండా నిలబెట్టింది తను. అదంతా ఇప్పుడు ఏకరువు పెట్టాలనిపించలేదు. చేతులు తుడుచుకుని, తన సామాను పెట్టె జీపు వెనక పడేసి, నర్సమ్మ వైపు తిరిగింది.

"పదండి నర్సమ్మా. మా ఇంటి దారి చూపిస్తాను."

స్పానరమ్మ భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. పక్కన రేకుల పంచ ఒకటి ఉంది, అందులో గుడ్డల మూటలు పెట్టుకుంటాడు. భార్య జీపుతో సహా వచ్చి పంచ ముందు ఆగేసరికి ఆయన కత్తెర పట్టుకునే బయటికి వచ్చాడు.

"ఎన్నాళ్లుంటారు చుట్టాలు?"

"నెలన్నర. మూటలు లోపల పెట్టుకోండి."

"మరి నేనెక్కడ పడుకోవాలి?"

"మూటల మీద. మెత్తగా ఉంటుంది."

అన్నతో ఏం జరిగిందో ఆయన అడగలేదు. మొహం చూస్తే తెలిసిపోయింది. మూటలు తనే మోశాడు.

పని మొదలుపెట్టాక ఆమెకు తెలిసివచ్చింది ఏమిటంటే, అన్న చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఏదీ దాటలేనిది కూడా కాదు. పాత గేరుబాక్సు ఆ ఇంజను దెబ్బకు నిజంగానే తట్టుకోదు. అందుకని అదే జీపులో బరువులు మోసే రకానికి వాడే గట్టి గేరుబాక్సు తెప్పించింది. ఆయిలు తొట్టి నిజంగానే ఇరుసుకు తగిలింది. దాన్ని కోసి, ముందువైపు లోతు తగ్గించి, తగ్గినంత వెనక పెంచి అతికించింది. కిరసనాయిలు పోసి రెండు రోజులు ఉంచితే చుక్క కారలేదు. మూతి వంగకుండా ముందు స్ప్రింగు కమానుల్లో ఒక్కో పట్టా కలిపింది. వేగం పెరిగే బండికి ఆగే బలం కూడా ఉండాలి కాబట్టి బ్రేకులు మార్చింది.

అసలు చిక్కు ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య వచ్చింది. దీని బోల్టు రంధ్రాలు దానికి కలవవు. రెండింటినీ కలపడానికి మధ్యలో ఒక ఇనుప ప్లేటు కావాలి. కొలతలు తీసుకుంటూ ఆమె మూడు రోజులు తంటాలు పడింది. నాలుగోరోజు దర్జీ వచ్చి చూసి, లోపలికెళ్లి గోధుమరంగు కాగితం తెచ్చి, ఇంజను మొహాన పరిచి పైన సుద్దతో రుద్దాడు. ప్రతి రంధ్రం కాగితం మీద గుండ్రంగా తేలింది. గేరుబాక్సుకూ అలాగే చేసి రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

"ఇంతేనా? కాలరు కన్నా తేలికే. కాలరైతే లోపల మెడ కదులుతుంది."

ఆమె కాగితాలు తీసుకుని, ఇనుము చెక్కే లేత్ మిషను మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఆమె తండ్రికి స్నేహితుడు. కాగితాలు చూడకుండానే కళ్లద్దాలు తీసేశాడు.

"మీ అన్న వద్దన్నాడటగా అమ్మాయ్."

"ఈ మిషను అన్నయ్య కొనిచ్చాడా బాబాయ్?"

"లేదు."

"దీని కరెంటు అన్నయ్య కడుతున్నాడా?"

ముసలాయన నవ్వాపుకోలేక కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "మధ్య రంధ్రం వెంట్రుకవాసి తప్పినా క్లచ్ నాశనమైపోతుంది. నువ్వు పక్కనే కూచో. చెయ్యి వణికితే కేకెయ్యి."

అవతల టీకొట్టు దగ్గర అన్నా, ఆయన స్నేహితులూ రోజూ ఇదే కబురు చెప్పుకునేవారు. కుక్కపిల్లకు ఏనుగు గుండె కుడుతున్నారని, కుట్టేది ఎలాగూ దర్జీయే కదా అని ఒకడంటే అందరూ పొట్టలు పట్టుకునేవారు. ఆ మాట ఆమె చెవిదాకా వచ్చింది. "ఏనుగు గుండే కుడుతున్నాం. నచ్చకపోతే దారికి అడ్డం రావద్దని చెప్పు," అంది చేరవేసినవాడితో.

ఆరోవారానికి ఇంజను జీపులో కూర్చుంది. మొదటి తిప్పుకే అందుకుంది. పంచ రేకులు గడగడలాడాయి. చదును రోడ్డు మీద నాలుగు రోజులు తిప్పి చూసింది, ఏ ఇబ్బందీ లేదు. ఇక మిగిలింది కాగితాలు. బండ్లు తనిఖీ చేసే అధికారి రెండు షరతులు పెట్టాడు. నలుగురు మనుషుల బరువుతో తన కళ్లముందు మెడవంపు ఎక్కించాలి. మార్పు చేసిన వర్క్‌షాపు ముద్ర ఫైలు మీద ఉండాలి.

ముద్ర కోసం ఆమె షెడ్డుకు వెళ్లింది. పంతం పక్కనపెట్టి మామూలుగానే అడిగింది.

"నేను ముట్టని బండికి నా ముద్ర వెయ్యను," అన్నాడు అన్న.

"అదీ న్యాయమే," అంది ఆమె. అటునుంచి అటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి, దర్జీ కొట్టు చిరునామా మీద తన పేరుతో వర్క్‌షాపు పెట్టేసింది. ఫారంలో యజమాని అన్నచోట అక్షరాలు కాస్త పెద్దగానే రాసింది.

శుక్రవారం ఉదయం కొండ కింద తిరునాళ్లలా జనం పోగయ్యారు. అధికారి వచ్చాడు. లేత్ మేస్త్రి వచ్చాడు, దర్జీ వచ్చాడు. టీకొట్టు బృందం మోటారుసైకిళ్ల మీద దిగింది, వెనకాల అన్న. జీపులో నాలుగు ఇసుకబస్తాలు వేశారు. నర్సమ్మ పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

జీపు కొండెక్కసాగింది. మెడవంపు మొదట్లోకి వచ్చేసరికి వేడిముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంది. ఆమె స్టీరింగు వదల్లేదు. ఇంజను ఆపేసి, బ్రేకుల మీద మెల్లగా వెనక్కి దించింది.

కింద ఎవడో ఈల వేశాడు. "చెప్పానా," అన్నాడు అన్న. సంతోషంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు. అధికారి ఫైలు మూస్తున్నాడు.

"సార్, ఒక్క అరగంట. ఆ తరవాత మీరు ఏం రాసుకున్నా సంతకం పెడతాను."

ఆయన గడియారం చూసుకుని బండరాయి మీద కూర్చున్నాడు.

ఆమె బానెట్ ఎత్తింది. నీళ్లున్నాయి. బెల్టు బాగుంది. ఇంజను వేసి చూస్తే పంపు తిరుగుతోంది. ఫ్యానూ తిరుగుతోంది. భర్త జేబులోంచి గుడ్డపీలిక లాక్కుని రేడియేటరు ముందు పట్టుకుంది. ఫ్యాను గాలి లోపలికి లాగుతుంటే పీలిక రేడియేటరుకు అతుక్కోవాలి. అది ఎగిరొచ్చి ఆమె మొహానికి కొట్టుకుంది. ఫ్యాను ఉల్టా తిరుగుతోంది. రోడ్డు మీద ఎదురుగాలే ఇంజనును చల్లబరిచింది కాబట్టి ఆ తప్పు బయటపడలేదు.

ఆమె నిటారుగా నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "తప్పు నాదే. ఫ్యాను వైర్లు రెండూ తారుమారు చేశాను. ఇంజనుది కాదు, ప్లేటుది కాదు, నాది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వెయ్యండి. మళ్లీ ఎక్కుతున్నా."

ఎవరూ నవ్వలేదు. వైర్లు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. చల్లారడానికి మిగతా అరగంట.

"నర్సమ్మా, మీరు దిగుతారా?"

"ఎందుకు దిగాలి? ఆ రోజు నొప్పులతో ఆవిడ దిగి నడిచింది చాలు."

రెండోసారి ముల్లు మధ్యలోనే నిలబడింది. మెడవంపులో రాళ్లు చక్రాల కింద నుంచి ఎగిరి లోయలో పడుతున్నాయి. జీపు ఊపిరి బిగపట్టినట్టు ఒక్క క్షణం తగ్గింది. ఆమె గేరు మార్చలేదు, కాలు తియ్యలేదు. "ఎక్కవే, ఎక్కు," అని పళ్ల బిగువున అంటూనే ఉంది. మలుపు తిరిగింది. ఆకాశం ఒక్కసారిగా అద్దం నిండా పరుచుకుంది. కొండనెత్తిన జీపు ఆగగానే నర్సమ్మ హారను మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

కిందికి వచ్చాక అధికారి బ్రేకులు ఇంకోసారి చూసి సంతకం పెట్టాడు. జనం పలచబడ్డాక అన్న జీపు దగ్గరికి వచ్చాడు. నేలమీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగాడు. ఆయిలు తొట్టి అతుకు మీద వేలు పెట్టి నెమ్మదిగా చివరిదాకా రాశాడు. బయటికొచ్చి చొక్కా దులుపుకున్నాడు.

"రేపట్నుంచి షెడ్డుకు రా. జరిగిందేదో జరిగింది."

"బోర్డు మీద నా పేరుంటుందా?"

ఆయన తలొంచుకుని మోటారుసైకిలు తాళాలు వెతుక్కున్నాడు. "ఆ బోర్డు నాన్న ఉన్నప్పటిది..."

"అయితే నా బోర్డు నేను రాయించుకుంటాను అన్నయ్యా. పని ఉంటే రా, పలహారాలు పెట్టి మరీ చేస్తాను. అక్కడికి మాత్రం రాను."

అన్న నాలుగు నెలలు మూతి ముడుచుకునే ఉన్నాడు. దర్జీ పంచ సరిపోక పక్క ఖాళీ స్థలంలో రేకులు వేయించాల్సి వచ్చింది. ఈలోగా నర్సమ్మ మెడవంపు మీదుగా ముగ్గురిని ఆసుపత్రికి చేర్చింది. ఒక్కరూ దిగి నడవలేదు.

ఒకరోజు పనిలో ఉండగా ఫోను మోగింది. అన్న.

"ఒక రైతు తన చిన్న ట్రక్కుకు పెద్ద ఇంజను పెట్టమంటున్నాడే. నీ ప్లేటు మందం ఎంత పెట్టావు?"

ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బోల్టు బిగించడం పూర్తిచేసింది.

"వచ్చి కొలుచుకో."

వచ్చాడు.