ప్రశ్నతో వెళ్ళని మాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది అక్క, బావ, బావ వాళ్ళమ్మ, సెలవులకి వచ్చిన నేను.

అక్క పని మాట్లాడే కంప్యూటర్లకి పరీక్ష పెట్టడం. చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులకి మార్కులేసే ప్రోగ్రాం తనే రాసింది. ఇన్నాళ్ళూ ఒకే కంపెనీ కంప్యూటరుకి పంపేది. ఇప్పుడు ఇంకో కంపెనీకీ అదే పరీక్ష పెట్టి, రెండిటి మార్కులూ సాయంత్రం మేనేజరుకి చూపించాలి. గడువు ఇదివరకే దాటిపోయింది. ఈసారి కూడా తప్పితే ఉద్యోగం మీద ఆశ వదులుకోమని ఆయన చెప్పేశాడట.

చిక్కేమిటంటే, ప్రతి ప్రశ్నలోనూ పాత కంపెనీ అడ్రసు, దాని పద్ధతులు కలిపి రాసేసింది అక్క. కొత్తదానికి అవి గిట్టవు. పంపిందల్లా తిరిగొచ్చేస్తోంది.

"ఒకడి కొలతకి కుట్టిన చొక్కా అందరికీ పడుతుందా?" అంది అత్తయ్య, ఓదార్పుగానే. అక్క ఏడ్చేసింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని విడదీయడం మొదలుపెట్టింది. అడగాల్సింది ఒక ఫైల్లో. అది ఎవరికైనా ఒకటే. ఎలా పంపాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీది, విడిగా. నేను పక్కన కూర్చుని పాత ప్రశ్నలు చదివి వినిపించాను. అన్నం ఎవరికీ గుర్తు రాలేదు. కొత్త కంపెనీ జవాబులు రావడం మొదలయ్యాక బావ, మౌనముని నోటికి ఇవాళ పని పడిందని నన్ను ఏడిపించాడు.

మార్కుల్లో కొత్తది చిత్తుగా ఓడిపోయింది. అక్కకి అదేం పట్టలేదు. లెక్క తేలింది, చాలు.

నాకు మాత్రం ఆ జవాబులు తప్పుగా అనిపించలేదు. వాన ఎందుకు పడుతుందంటే కాలేజీ పాఠం చెప్పింది, అంతే. పాత ఫైలు తీసి చూశాను. 'అడిగేది ఆరేళ్ళ పాప, తనకి అర్థమయ్యేలా చెప్పు' అన్న వాక్యం పాత కంపెనీ పద్ధతుల మధ్య ఇరుక్కుని ఉంది. విడదీసినప్పుడు వాటితోనే పోయింది. కొత్తదానికి ఆ మాట చేరనేలేదు.

అక్క మీటింగుకని జుట్టు సరిచేసుకుంటోంది. మళ్ళీ అన్నీ పంపాలంటే రాత్రవుతుంది. అయినా అన్నాను.

"అక్కా, పాప సంగతి ప్రశ్నలోదే కదా. కంపెనీది కాదు కదా."

అక్క చదివింది. మొహం పాలిపోయింది.

"మేనేజరుకేం తెలుస్తుంది? ఇవాళ్టికి ఇలాగే చూపించెయ్," అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

కంప్యూటరు మోగింది. రెండూ వచ్చాయా అని మేనేజరు అడుగుతున్నాడు. అక్క నా భుజం పట్టుకుని గడప దాటించింది.

"కొత్తది ఇంకా కాలేదనే చెప్తాను. ఉద్యోగం సంగతి అమ్మకి నేనే చెప్పుకుంటాలే," అని తలుపు వేసేసింది.