ఎక్స్‌రే గదికి దారి

బ్యానరు గుడ్డ చుట్టను యంత్రానికి ఎక్కించి, అంచు సరిచూసి, ఆమె మీట నొక్కింది. రంగు వాసన గదంతా కమ్ముకుంది.

"పరీక్ష పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావమ్మాయ్? వెళ్లు," అన్నాడు కొట్టు యజమాని. ఆయన్ని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది.

"ఈ ఒక్కటీ అయ్యాక వెళ్తా బాబాయ్. ఖాళీగా కూర్చుంటే పరీక్షే గుర్తొస్తుంది."

కూతురు హైస్కూలుకొచ్చాక గ్రాఫిక్ డిజైన్ కాలేజీలో చేరిన మనిషి. "పేరు ఇంకాస్త పెద్దది చెయ్యండి" అనేవాళ్లకి ఏళ్ల తరబడి బ్యానర్లు వేసి వేసి, అంత పెద్ద అక్షరమూ కంటికెందుకు ఆనదో తెలుసుకోవాలనిపించింది. సంచిలో ఇనప స్కేలు లేనిదే గడప దాటదని తోటి పిల్లలు ‘స్కేలక్క’ అని పేరు పెట్టారు. బొమ్మ వేయమంటే ఇట్టే వేస్తుంది. నలుగురిలో దాని గురించి చెప్పమంటే నాలుక పిడచగట్టుకుపోతుంది. పోయినసారి అలాగే తప్పింది. ఇవాళ కూడా తప్పితే డిగ్రీ చేతికి రాదు.

ఆసుపత్రి లోపల దారి చూపే బోర్డులు తయారుచేసి కాలేజీ వరండా పొడవునా, మెట్ల మీదుగా పై అంతస్తు దాకా అంటించింది. పైన ఒక గది తలుపుకు ‘ఎక్స్‌రే గది’ అని పెట్టింది. పసుపు మీద నల్లని అక్షరాలు, లావాటి బాణాలు. పరీక్షించడానికి వచ్చిన పెద్దావిడ ఓ డిజైన్ సంస్థ నడుపుతుంది. సోడాబుడ్డి కళ్లద్దాలు.

"ఇంత సాదాగా ఉన్నాయేంటి? అందమేదీ?"

స్కేలక్క సంచిలోని ఇనప స్కేలును గట్టిగా పట్టుకుంది. ‘నాన్నమ్మ సంగతి చెప్పమ్మా, చాలు’ అని పొద్దున జడ వేయించుకుంటూ కూతురు అన్న మాట గుర్తొచ్చింది.

"మా అత్తగారు ఎక్స్‌రే గదికని వెళ్లి, దారి తప్పి, బట్టలుతికే గది ముందు పూటంతా కూర్చున్నారండీ. చదువొచ్చు ఆవిడకి. చూపే ఆనదు. ఎవర్నైనా అడగాల్సింది కదా అంటే, సిగ్గేసిందే అన్నారు. ఇంకెవరూ అలా కూర్చోకూడదని వేశానండీ."

పెద్దావిడ కళ్లద్దాలు తీసి స్కేలక్క చేతిలో పెట్టింది.

"ఇవి లేకపోతే మీ మొహం కూడా నాకు మసకే. ఎక్స్‌రే గదికి పోతున్నా. ఎవరూ నోరు విప్పొద్దు."

మలుపు దగ్గర ఆగింది. చూస్తున్న తోటి పిల్లలు ఊపిరి బిగబట్టారు. తలెత్తి చూసి, ఎడమకు తిరిగి, మెట్లెక్కి కనుమరుగైంది. స్కేలక్క చేతిలో కళ్లద్దాలు చెమటకు తడిసిపోయాయి.

పైనుంచి కేక వినిపించింది. "వచ్చేశా! ఎక్స్‌రే గదే! ఎవరైనా నా కళ్లద్దాలు తెచ్చిపెట్టండి తల్లీ!"

వరండా చప్పట్లతో దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, "వచ్చే వారమే మా ఆఫీసులో చేరండి. నిజం ఆసుపత్రి పని ఒకటి ఉంది," అంది ఆవిడ. స్కేలక్క ఏడవలేదు. పకపకా నవ్వింది. తన నవ్వు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

సాయంత్రం కొట్టుకు వెళ్లి చెప్పింది.

"హమ్మయ్య! ఇక్కడే పాతుకుపోతావేమోనని హడలి చచ్చాను," అన్నాడు బాబాయ్. ముక్కు ఎగబీల్చి, అవసరం లేకపోయినా యంత్రం తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె సామాను సర్దుకుంది. "స్టూలు మీది నా దిండు తీసుకెళ్లనా?"

"ఉంచు. నా నడుముకి పనికొస్తుంది."

ఆమె వీధిలోకి దిగి, బస్సు కోసం గబగబా నడిచింది. యంత్రం ముందున్న స్టూలు మీద, మిగిలిన బ్యానరు గుడ్డతో ఆమె కుట్టుకున్న దిండు ఒక పక్కకు నలిగి ఉంది. దానిమీద, ఎవరి పేరులోదో, ఒక ఎర్రని అక్షరం తలకిందులుగా.