అక్క ఒంటి నుంచి తమ్ముడి ఒంటికి

నేను ఒక టి-కణాన్ని. పాలకొండ దగ్గరి ఒక ఊళ్ళో, వరహాలమ్మ అనే నాలుగేళ్ళ పిల్ల ఎముక మజ్జలో పుట్టాను. పుట్టగానే నన్ను రొమ్ము ఎముక వెనకనున్న థైమస్ గ్రంథికి చదువుకు పంపారు. అక్కడి పరీక్ష కఠినం. సొంత ఒంటిని గుర్తుపట్టాలి, దాని మీద చెయ్యి చేసుకోకూడదు. నూటికి ఇద్దరు ముగ్గురమే గట్టెక్కాం. మనుషులకు ఇదే పరీక్ష పెడితే ఎందరు మిగులుతారో నాకు తెలియదు.

రక్తంలో తేలే క్రిములను యాంటీబాడీలు పట్టుకుంటాయి. కణం లోపల దాక్కున్న వైరస్ మాత్రం వాటికి అందదు. అది మా వంతు. ప్రతి కణమూ తన లోపల తయారయ్యేవాటి ముక్కలను పైపొర మీదికి తెచ్చి చూపిస్తుంది. మేం తడిమి చూసి, తేడా ఉంటే పని మొదలుపెడతాం.

వరహాలమ్మకు ఏడో ఏట జ్వరం వచ్చింది. మెడలోని గ్రంథిలో ఒక కాపలా కణం నాకు వైరస్ ముక్కను చూపించింది. అది నాకు సరిగ్గా అతికింది. నేను రెండయ్యాను, నాలుగయ్యాను, వారం తిరిగేసరికి వేలమందిమి. వైరస్ దూరిన కణాలను వెతికి, పొరకు రంధ్రాలు చేసి చంపాం. మిగిలిన కొంచెం వైరస్ ఏ మూలో నక్కింది. దాన్ని గుర్తుపెట్టుకుని కాపలా కాయడానికి మాలో కొందరం మిగిలాం. ఇంట్లోవాళ్ళు మాత్రం మిరియాల కషాయానికి తగ్గిందన్నారు.

వరహాలమ్మ పెద్దదై బస్సు కండక్టరైంది. వేరే కులం మెకానిక్‌ను పెళ్ళాడింది. ఆ రోజు నుంచి తమ్ముడు గౌరునాయుడు ఆమెతో మాట మానేశాడు. ఆరేళ్ళకు అతనికి రక్త క్యాన్సర్ వచ్చింది. మజ్జ మార్చాలన్నారు. పరీక్ష చేస్తే, మాటల్లేని ఆ ఇద్దరి కణాల మీది గుర్తులూ అచ్చంగా ఒకటే.

అక్క ఇచ్చిన మజ్జ తమ్ముడిలో నాటుకుంది. కానీ అది నాలాంటివాళ్ళను తయారుచేసేలోపే, అతని ఒంట్లో ఎప్పటినుంచో నక్కి ఉన్న అదే రకం వైరస్ లేచి ఊపిరితిత్తులకు పాకింది. మందులు పనిచెయ్యలేదు. విశాఖపట్నంలో డాక్టరమ్మ వరహాలమ్మను మళ్ళీ పిలిపించింది.

"ఆ వైరస్‌ను ఎరిగిన కణాలు మీ రక్తంలో ఉన్నాయమ్మా. ఇస్తే అతనికి ఎక్కిస్తాం. అవి అతని ఒంటి మీదే తిరగబడే ప్రమాదమూ కొంత ఉంది."

"ఆడికి తెలుసా?"

"తెలుసు. మీరు ఒప్పుకోరేమో అంటున్నాడు."

వరహాలమ్మ చెయ్యి చాపింది. "నాతో మాటాడకపోతే ఏటి డాక్టరమ్మా, ఆడు నా తమ్ముడు కాకుండా పోతాడా? తీసుకోండి."

అలా ఆమెను వదిలి వచ్చాను. కొత్త ఒంట్లోకి భయపడుతూనే అడుగుపెట్టాను. పరాయిదని పొరబడితే ప్రాణం తీసేది నేనే. ఒక్కొక్క కణాన్నీ తడిమాను. పుట్టినింటిలాగే తోచింది. ఊపిరితిత్తుల్లో ఆ పాత ముక్క కనిపించగానే మళ్ళీ వేలమందిమయ్యాం. పన్నెండో రోజుకు జ్వరం దిగింది. గౌరునాయుడు ఆయాసపడకుండా నాలుగు మాటలు చెప్పగలిగాక ఫోన్ అడిగి తీసుకున్నాడు.

"అక్కా, నాను. ఎలాగున్నావు?"

"నాకేటిరా గుంటడా, బాగానే ఉన్నాను. నీ సంగతి సెప్పు."

"నీ దయ. బతికినాను."

ఏడాది గడిచాక అతను మొదటిసారి అక్క ఇంటికి వెళ్ళాడు. బావ వడ్డించాడు. గౌరునాయుడు తలవంచుకుని తిన్నాడు, మారు అన్నం అడిగి వేయించుకున్నాడు. గంటలో ఆ అన్నం చక్కెరై రక్తంలో నా దాకా వచ్చింది. నేను పుట్టిన ఒళ్ళు వండిన అన్నం అది. నాకు రెండు ఇళ్ళు ఇచ్చిన ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకుని తిన్నాను.